కాలం తగ్గించమన్నాను

సంతకాలు పెట్టిన రోజు బ్యాంకు ఆఫీసరు మా ఆయన్ను కూర్చోమన్నాడు. నన్ను అనలేదు. ఇంటి లోను ఇద్దరి పేరు మీదా ఉంది. జీతం కాగితం నాది. నేను బస్సు కండక్టర్ని, నిజామాబాద్ డిపోలో. మా ఆయనకు వెల్డింగ్ షాపుంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు చేస్తాడు. ఆ రాబడికి కాగితం ఉండదు కాబట్టి నా జీతం చూసే బ్యాంకు అప్పిచ్చింది. అయినా కుర్చీ ఆయనకే. పక్క టేబుల్ దగ్గరున్న కుర్చీని నేనే లాక్కుని కూర్చుని, “సంతకం ఏడ పెట్టాలె సార్?” అని అడిగాను.

ఆఫీసరు మంచివాడే. మాకు ధైర్యం చెప్పాలని, “ఇరవై ఏళ్లమ్మా. నెలనెలా దానంతటదే కట్ అయితది. కొన్నాళ్లకు మీకు లోనున్న సంగతే యాదికుండదు” అన్నాడు.

నాకు అక్కడే ఒళ్లు మండింది. నెత్తి మీద ఉన్న అప్పును మర్చిపొమ్మని చెప్పడం ధైర్యమెలా అవుతుంది? ఇరవై ఏళ్లకు నేను రిటైర్మెంటు దగ్గరికొస్తాను. అప్పటికి ఒకటో తరగతిలో ఉన్న మా బిడ్డ తన సంసారంలో తను ఉంటుంది. అంతవరకూ మేముండే ఇల్లు మాది కాదన్నమాట. బయటికొచ్చాక మా ఆయనతో అన్నాను, “ఇరవై ఏండ్లు నేను కట్ట.”

“కట్టకుంటె ఏం జేస్తవు?”

“జల్ది కడుత.”

ఆయన నవ్వి బండి స్టార్ట్ చేశాడు.

నా జిద్దు ఎక్కడిదో ఆయనకు తెలుసు. నేను అద్దె గదుల్లో పెరిగాను. మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నా చిన్నతనంలోనే ఆ పని పోయింది, దాంతో క్వార్టర్ కూడా పోయింది. ఊళ్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఓనరమ్మ గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. క్యాలెండరు కూడా కిటికీ చువ్వకు వేలాడేది. మా ఇంటికి చుట్టాలొస్తే గేటు దగ్గర నిలబడి, వాళ్లు చెప్పులిప్పకముందే, “ఎన్ని రోజులుంటరు?” అని అడిగేది. మా మేనత్త ఒకసారి ఆ మాట విని, తెచ్చిన సంచి కింద పెట్టకుండానే తిరిగి బస్టాండుకు వెళ్లిపోయింది. బాపు ఆమె వెంట రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆ గది ఖాళీ చేసిన రోజు అవ్వ నేలంతా తోమి కడిగిచ్చింది. అయినా ఓనరమ్మ అడ్వాన్సులోంచి సున్నం ఖర్చు కోసుకుంది.

మేము కొన్నది పెద్ద ఇల్లేమీ కాదు. బోధన్ రోడ్డు మీద, టౌను అయిపోయి పొలాలు మొదలయ్యే చోట రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు కాస్త జాగా. దిగిన రోజునే నేను ప్రతి గదిలో ఒక మేకు కొట్టాను. వాటికి తగిలించడానికి ఏమీ లేకపోయినా కొట్టాను.

ఏడాది తిరిగాక బ్యాంకు నుంచి లెక్క తెచ్చుకుని చూస్తే, అసలు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. ఏడాది పొడవునా మేము కట్టినదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోయింది. బస్సులో నా చేతి మీదుగా రోజూ ఎంతో డబ్బు పోతుంది. అందులో పది రూపాయలు తేడా వస్తే డిపోలో నిలబెట్టి అడుగుతారు. ఇక్కడ ఏడాది కష్టం పోతే అడిగేవాళ్లు లేరు. మరునాడు నా వీక్లీ ఆఫ్. పొద్దున్నే బ్యాంకుకెళ్లాను. డబుల్ డ్యూటీలు చేసి కూడబెట్టినది సంచిలో ఉంది.

“ఇది అసలుల జమ చెయ్యిండ్రి సార్” అన్నాను.

కౌంటర్లో ఉన్నాయన నన్ను ఆఫీసరు దగ్గరికి పంపాడు. ఆఫీసరు డబ్బు చూశాడు, నన్ను చూశాడు. “ఎందుకమ్మా తొందర? ఇంటి లోను అంటే అన్నిట్ల తక్కువ మిత్తి. ఈ పైసలు పెట్టి ఒక పాలసీ తీస్కోరాదు? బిడ్డ పెళ్లికి అక్కరకొస్తది.”

“బిడ్డ రెండో తరగతి సార్.”

“గందుకే చెప్తున్న. ఇప్పటి నుంచే...”

“అసలుల వేస్తరా, వెయ్యరా?”

వెయ్యక తప్పదని ఆయనకూ తెలుసు. కంప్యూటర్ వైపు తిరిగి, ముఖం ముడుచుకుని అడిగాడు, “కిస్తు తగ్గియ్యాల్నా, కాలం తగ్గియ్యాల్నా?”

అలా అడుగుతారని నాకు తెలియదు. కిస్తు తగ్గిస్తే ప్రతి నెలా చేతిలో నాలుగు రూపాయలు మిగులుతాయి. కాలం తగ్గిస్తే నెల కష్టం అంతే ఉంటుంది, కానీ చివరి రోజు దగ్గరికొస్తుంది. “కాలమే తగ్గియ్యిండ్రి” అన్నాను. ఆయన ఏవో మీటలు నొక్కి, కొత్త లెక్క కాగితం నా ముందుకు తోశాడు. మేము కట్టింది చిన్న మొత్తమే అయినా చివర్లో కొన్ని నెలలు ఎగిరిపోయాయి. అక్కడే బల్ల మీద చెయ్యి ఆనించి ఆ కాగితం మళ్లీ మళ్లీ చదివాను. ఎవరో నా జీవితంలోంచి ఎత్తుకుపోయిన నెలలను పోలీసు స్టేషన్‌లో నాకు తిరిగిచ్చినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం మా ఆయన షాపులో షట్టర్‌కు పోగా మిగిలిన ఒక ఇనుప రేకు తెచ్చాడు. అంచులు గ్రైండింగ్ చేసి, నల్ల రంగు వేసి, వంటింటి గోడకు బోల్టులతో బిగించాడు. “మనసుల పెట్టుకుంటె మర్సిపోతం. గీడ రాద్దాం” అన్నాడు. బిడ్డ పెట్టెలోని సుద్దముక్క తీసుకుని పై వరసలో ‘ఇల్లు’ అని రాశాను. పక్కన గళ్లు గీశాను. అదనంగా కట్టినప్పుడల్లా మొత్తాన్ని బట్టి గళ్లు నింపాలి.

“ఒక్క ఇల్లేనా? మనుషుల సంగతేంది?” అన్నాడాయన.

అలా మిగతా వరసలు వచ్చాయి. నాది స్కూటీ నేర్చుకోవడం. తెల్లారకముందే ఫస్ట్ బస్సు డ్యూటీ పడితే ఆయన నిద్ర చెడగొట్టుకుని డిపోలో దింపాల్సొచ్చేది. ఆయనది తంబాకు మానడం. ఆ వరస నేనే రాశాను, ఆయన మూతి తిప్పుకున్నాడు. బిడ్డ ఫుట్‌బాల్ బొమ్మ గీసింది. వాళ్ల స్కూల్ గ్రౌండ్‌లో పెద్ద పిల్లలు ఆడుతుంటే గోడెక్కి చూసేది.

మా అత్తమ్మ ఇదంతా గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దుకు అవతల. ఈనాటికీ పైసలు మరాఠీలోనే లెక్కపెడుతుంది, దేవుడితో మరాఠీలోనే మాట్లాడుతుంది. మొగుడు పోయాక బీడీలు చుట్టి ఇద్దరు కొడుకులను పెంచింది. కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు బోధన్ అవతల ఊళ్లో పెద్దకొడుకు దగ్గర ఉండేది.

“నీదేం రాయాలె అత్తమ్మా?” అని అడిగాను.

“నాదెందుకే? పండరిపురం పోవాలెనని ఉన్నది. దేవుని దగ్గరికి పోయేది గోడ మీద రాస్కుంటరా ఎవలన్న?”

నేను సుద్దముక్క పక్కన పెట్టేశాను. మరునాడు అన్నం తింటూ, రేకు వైపు చూడకుండా అంది, “రాస్తె పెద్దగ రాయి. నాకు కనవడాలె.”

రెండో ఏడు నా మెళ్లోని బంగారు గొలుసు అమ్మేశాను. పుస్తెలను పసుపుతాడుకు కట్టుకున్నాను. మా ఆయన ఒకటే అడిగాడు, “మనసు గట్టిగున్నదా?” ఉందన్నాను. అత్తమ్మకు మాత్రం అది నచ్చలేదు. బస్సులో ఆడవాళ్ల కళ్లు ముందు మెడ మీదికే పోతాయి. నవీపేట నుంచి వచ్చి బోధన్ బస్సు మారే ఒకామె, నన్ను ఎప్పటినుంచో ఎరిగినామె, టికెట్ తీసుకుంటూ గొంతు తగ్గించి అడిగింది.

“ఏమైందమ్మా, గొలుసు కుదువ పెట్టినవా?”

“లేదవ్వా, అమ్మిన.”

“అయ్యో!”

“అయ్యో ఎందుకవ్వా? ఇంట్లకు మార్చిన. మెడల ఉన్నప్పుడు దొంగల భయం. ఇప్పుడు ఇంట్లనే పండుకుంటున్న.”

బస్సంతా వినేలా గట్టిగానే చెప్పాను. గొంతు తగ్గించాల్సిన పని నేనేమీ చేయలేదు. మార్కెట్లో పసుపు అమ్ముకుని వస్తున్న ఒక రైతు, “మా పంటతోని కట్టుకున్నవు, మంచిదే బిడ్డా” అన్నాడు. ఆ రోజు బస్సు నవ్వుతూనే బోధన్ చేరింది.

మూడు నాలుగేళ్లు ఇలా గడిచాయి. డబుల్ డ్యూటీ అంటే నేనే ముందు చెయ్యెత్తేదాన్ని. మా ఆయనకు పెళ్లిళ్ల సీజన్లో గేట్ల పని ఎక్కువ దొరికేది. కొత్త ఇల్లు కట్టినవాళ్లంతా ముహూర్తానికి ముందే గేటు కావాలంటారు. ఇంటి వరస గళ్లు నిండుతూ పోయాయి. ఒక ఆదివారం నేను కొత్తగా ఒక గడి నింపి చేతులు దులుపుకుంటుంటే, అప్పటికి ఐదో తరగతికొచ్చిన మా బిడ్డ వెనకనుంచి అంది, “అమ్మా, నీ ఇల్లు ఒక్కటే ముందటికి ఉరుకుతున్నది. మేమందరం ఆన్నే ఉన్నం.”

వెనక్కి జరిగి చూశాను. నిజమే. పై వరస సగం దాటింది. కింద నా స్కూటీ లేదు, అత్తమ్మ పండరిపురం లేదు. బిడ్డ గీసిన బంతి బొమ్మ మాసిపోయి గుండ్రటి మరకలా ఉంది. ఆయన తంబాకు వరస ఒక్కటే కాస్త కదిలింది, అదీ మానలేదు, తగ్గించాడంతే.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. “ఇల్లు ఎవరి కోసమే?” అన్నాను.

“ఎవరి కోసమో నువ్వే చెప్పు” అంది అది. బెదరలేదు. ఆ ధాటి నాదే, నాకే తగిలింది.

ఆ రోజు నలుగురం కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. బ్యాంకుకు అదనంగా ఎప్పుడు కట్టినా, కింద ఒక మనిషి వరస కూడా కదలాలి. మనిషి వరస కదలకుండా ఇంటి గడి నింపడానికి లేదు. దీనివల్ల అప్పు తీరడం కొంత వెనక్కి పోతుందని తెలుసు. పోనీ అనుకున్నాం. బ్యాంకు మా కాలం తినకూడదని కదా ఇంత పట్టుబట్టింది. ఆ తినేదేదో నేనే తినేస్తే ఇంక దానికీ నాకూ తేడా ఏముంది? ఆ నెలే బిడ్డకు బంతి, ఆటకు పనికొచ్చే బూట్లు వచ్చాయి. తర్వాత పాత స్కూటీ ఒకటి కొన్నాను. నేర్చుకునేటప్పుడు మా వీధి చివర తూములో పడి మోచేయి చీరుకుంది. చూసినవాళ్లు నవ్వారు. లేచి మళ్లీ ఎక్కాను. వాళ్ల ముందే ఎక్కాను.

బిడ్డ ఏడో తరగతిలో పెద్దమనిషి అయింది. కబురు తెలిసిన రెండో రోజునే మా బావ వచ్చాడు. మా ఆయనకు అన్న. ఒకప్పుడు చెరుకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజాంసాగర్ కాలువ కింద వరి వేస్తున్నాడు. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. తమ్ముడంటే ప్రేమ కూడా ఉంది. ఆ ప్రేమంతా ఆజ్ఞల రూపంలోనే వస్తుంది. వస్తూనే అత్తమ్మ పక్కన కుర్చీ వేసుకుని చెప్పాడు.

“బోధన్ల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. అడ్వాన్సు గూడ ఇచ్చిన. ఫ్లెక్సీలు కొట్టించె పని మా పోరగాండ్లకు ఒప్పజెప్పిన. వెయ్యిమందికి భోజనం.”

మా ఆయన నా వైపు చూశాడు. నేను అడిగాను, “ఎవలనడిగి అడ్వాన్సిచ్చినవు బావా?”

“ఎవలనడగాలె? నా తమ్ముని బిడ్డ. మనింట్ల ఆడపిల్లకు చెయ్యకుంటె ఊరేమంటది? ఇన్నేండ్లు ఊరోళ్లకు మనం పెట్టిన చదివింపులన్ని మల్ల రావద్దా?”

“రాకున్న మంచిదే. ఆ వెయ్యిమంది తిన్న తర్వాత కిస్తులు నేనే కట్టాలె.”

“నీ యవ్వ, ఎప్పుడు సూడు కిస్తులు, కిస్తులు! గోడకు రేకు గొట్టి దానికే పూజ జేస్తున్నరు. మెడల పసుపుతాడు, బిడ్డకు ఫంక్షన్ లేదు. మా ఇజ్జత్ ఏం గావాలె?”

లోపలి గదిలో మూల కూర్చోబెట్టిన మా బిడ్డ అక్కణ్నుంచే అరిచింది, “పెదబాపు, నా బొమ్మ రోడ్డు మీద పెడితె నేను గ్రౌండ్‌ల ముఖం ఎట్ల సూపియ్యాలె? నాకొద్దు!”

ఆడపిల్ల, అందులో ఆ స్థితిలో ఉన్న పిల్ల, అలా అరుస్తుందని బావ ఊహించలేదు. లేచి నిలబడి, నాతో కాదు, మా ఆయనతో అన్నాడు, “ఆడిదానికి జీతమొస్తె ఇల్లు గిట్లనే ఉంటది.”

“జీతం మాటెందుకన్నా?” అన్నాడు మా ఆయన మెల్లిగా. అంతకు మించి ఏమీ అనలేదు. నాకు అది చాలలేదు. నేనే అన్నాను, “అవును బావా, గిట్లనే ఉంటది. నా బిడ్డ వద్దన్నది. నేను వద్దన్న. ఐపోయింది.”

అత్తమ్మ లేచింది. వంటింట్లోకి పోయి, రేకు మీద తన వరసను కొంగుతో అటూ ఇటూ గట్టిగా తుడిచేసింది. మడతపెట్టిన చీరలు సంచిలో వేసుకుంది. “ఇంటి ఆడపిల్లకు అక్షింతలు పడని ఇంట్ల నేనుండ” అని పెద్దకొడుకు బండి ఎక్కింది. మా ఆయన గేటు దాకా పోయి, “అవ్వా, అవ్వా” అని పిలిచాడు. ఆమె వెనక్కి చూడలేదు.

మా వీధిలో ముత్తైదువలు కొందరిని పిలిచాం. మా అవ్వ వచ్చి బిడ్డకు తలంటు పోసింది. పాయసం, పులిహోర, కొత్త బట్టలు. బిడ్డ తన ఆట జట్టు పిల్లలను కూడా పిలిచింది. వాళ్లు పాయసం తిని, కొత్త బట్టల పిల్లను బయటికి లాక్కుపోయి ముందు జాగాలో బంతి ఆడారు. నా అత్తింటి వైపు నుంచి ఒక్కరూ రాలేదు. తర్వాత ఆరు నెలలు చుట్టాల్లో మా పేరు పిసినారులు. పెళ్లిళ్లకు పోతే మమ్మల్ని చూసి మాట ఆపేసేవాళ్లు. నేను మానేయలేదు. పసుపుతాడుతోనే, ఉన్న చీరతోనే ప్రతి పెళ్లికీ పోయాను, అందరి మధ్యా కూర్చుని తిన్నాను. ఫంక్షన్‌కు పోవాల్సిన డబ్బు బ్యాంకులో కట్టినప్పుడు ఇంటి వరసలో ఒక్కసారే నాలుగు గళ్లు నిండాయి. బిడ్డ వరస కూడా కదిలింది. జిల్లా జట్టులో పేరు వచ్చింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా బోధన్ రూటు కిటకిటలాడేది. అలాంటి ఒక మధ్యాహ్నం బోధన్ బస్టాండులో జనాన్ని తోసుకుంటూ ఒక ముసలామె సంచితో ఎక్కింది. అత్తమ్మ. నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకుని డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది. నేను ఆడవాళ్లందరికీ జీరో టికెట్లు కొడుతూ ఆమె దగ్గరికి వచ్చాను.

“ఆధార్ కార్డు సూపియ్యి అత్తమ్మా.”

“నేనెవలో నీకెరుక లేదా?”

“ఎరుకనే. డ్యూటీల ఉన్న. కార్డు సూపిస్తేనే టికెట్.”

చుట్టూ ఉన్నవాళ్లకు అర్థమైపోయింది. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. అత్తమ్మ సంచి అడుగునుంచి కార్డు లాగి నా ముందు పెట్టింది. “సూడుండ్రమ్మా, నా కోడలు! సొంత అత్తనే నమ్మది” అని బస్సుకంతా చెప్పింది. అందులో కోపం కంటే గొప్ప ఎక్కువ వినిపించింది నాకు.

“ఏడికి పోవాలె?” అన్నాను.

“ఏడికి పోత? మీ ఇంటికే.”

“మనింటికి.”

ఆమె టికెట్ తీసుకుని కొంగులో ముడేసుకుంది. జానకంపేట దాటాక రద్దీ తగ్గితే, వచ్చి పక్కన కూర్చున్నాను. పెద్దకొడుకు దగ్గర ఏమైనా జరిగిందా అని అడిగాను.

“ఏం జరగలె. మంచిగనే సూస్కున్నరు. నీ తోడికోడలి మీద లేనిపోనియి అనుకోకు. కని గాడ నాకేం పని లేదే, ఏం ఆశ లేదు. పొద్దుగాల లేసుడు, పొద్దుమీకితె పండుడు. మీ ఇంట్ల జగడమన్న ఉంటది.” కిటికీలోంచి చూస్తూ అడిగింది, “నాది మల్ల రాస్తవా?”

“నువ్వే తుడిసినవు. నువ్వే చెప్పి రాయించుకో.”

“రాయి” అంది ఆమె. ఇంటికి పోయాక సుద్దముక్క ఆమె చేతికిచ్చి, ఆ చేతిని పట్టుకుని ఇద్దరం కలిసి గీత గీశాం. ఏడాది లోపే ఆమె మా వీధి ఆడవాళ్లతో కలిసి పండరిపురం పోయి వచ్చింది. నుదుటి మీద విఠలుడి గుళ్లో పెట్టే నల్లటి బుక్క బొట్టుతో గేట్లోకొస్తూనే, “ఇగ ఇంకోటి రాయి. ఎవల్నడక్కుండ నా ఫోన్ నేనే చెయ్యాలె” అంది.

అప్పు తీరుతున్నకొద్దీ, అప్పిస్తామని ఫోన్లు ఎక్కువయ్యాయి. మీకు ఇంత మంజూరైంది, సంతకం పెడితే చాలు అని. ఆఖరి మొత్తం కట్టడానికి పోయిన రోజు కూడా కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ నెమ్మదిగా నచ్చజెప్పింది, “ఇన్నేళ్లలో ఒక్క కిస్తు తప్పలేదు మేడమ్ మీరు. మీలాంటివాళ్లకు వెంటనే ఇస్తాం. పైన ఒక అంతస్తు వేసుకుంటే అద్దె వస్తుంది కదా?”

“అద్దెకిస్తె నేను ఓనరమ్మనైత మేడమ్. నాకు ఇష్టం లేదు.”

ఆమెకు అర్థం కాలేదు. చెప్పాలని నాకూ అనిపించలేదు. డబ్బు కట్టి రసీదు తీసుకున్నాం. తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఇంటి కాగితాలు ఇంకో ఊళ్లోని ఆఫీసులో ఉంటాయట, తెప్పించి ఫోన్ చేస్తామన్నారు. చెయ్యలేదు. రెండుసార్లు పోయి అడిగితే వస్తాయన్నారు. మూడోసారి డ్యూటీ దిగి, ఖాకీ యూనిఫాంతోనే మేనేజర్ గదిలోకి పోయి, ఈసారి కూడా ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాను.

“సార్, నా బస్సు పావుగంట లేటైతె ప్యాసింజర్లు నన్ను తిడుతరు. డిపోల జవాబు చెప్పుకుంట. మీరు తొమ్మిదేండ్లు నా కిస్తు ఒక్క రోజు లేటు కానియ్యలె. మరి నా కాగితాలకు టైం ఉండదా?”

ఆయన అప్పటికప్పుడు ఎవరికో ఫోన్ చేశాడు. వారం తిరక్కముందే కాగితాలు వచ్చాయి. ఇద్దరం కలిసి తెచ్చుకున్నాం. దారిలో మా ఆయన కవరు నా ఒళ్లో పెట్టి, “గట్టిగ పట్టుకో” అన్నాడు. తంబాకు మానేసి అప్పటికి రెండేళ్లు. ఇంటికొచ్చాక అత్తమ్మ కవరును కళ్లకద్దుకుని, తన పాత ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. మరుసటి నెల బావ వచ్చాడు. మిఠాయి డబ్బా తెచ్చాడు. ఫంక్షన్ గొడవ తర్వాత మా గడప తొక్కడం అదే మొదలు. టీ తాగాడు, బిడ్డ గెలిచిన కప్పులు చేత్తో పట్టుకుని చూశాడు, బాగున్నాయన్నాడు. నాకూ సంతోషమైంది. తర్వాత అసలు మాట చెప్పాడు. కోతలకు హార్వెస్టర్ కొనాలనుకుంటున్నాడు. సీజన్లో అద్దెకు తిప్పితే మంచి రాబడి. లోను ఇచ్చేవాళ్లు జమానతు అడుగుతున్నారు. ఆయన పొలం కాగితాలు ఇప్పటికే పంట అప్పులో ఉన్నాయి.

“మీ ఇంటి కాగితాలు ఊకెనే పెట్టెల ఉన్నయి గద. రెండేండ్లు. పైస నేనే కడుత. మీరు సంతకం పెడితె సాలు.”

అత్తమ్మ నా వైపు చూసింది, చిన్నకొడుకు వైపు చూసింది. ఆమె పెద్దకొడుకు అడుగుతున్నాడు. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. కానీ ఈసారి మా ఆయనే ముందు మాట్లాడాడు.

“ఇయ్య అన్నా.”

“ఏందిరా?”

“కాగితాలు ఇయ్య. హార్వెస్టర్‌కు వెల్డింగ్ పని పడితె సీజనంత నేనొచ్చి చేస్త, ఒక్క రూపాయి తీస్కోను. నాత్రి పిలిచినా వస్త. ఇల్లు మాత్రం మల్ల బ్యాంకుల పెట్ట.”

“మీ ఆమె చెప్పిస్తున్నదా?”

“లేదు. సంతకం ఇద్దరిది. నాది నేను పెట్టనంటున్న.”

పెళ్లయినప్పటి నుంచీ అన్న ముందు ఆయన గొంతు అంత నిలకడగా నేను వినలేదు. నాకు ఇంకేమీ కలపాలనిపించలేదు. బావ లేచాడు. మిఠాయి డబ్బా మూత కూడా తియ్యలేదు, బల్ల మీద అలాగే ఉంది. బండి ఎక్కేటప్పుడు తల్లితో, “నీ పెట్టె తాళం జాగ్రత్తవ్వా” అన్నాడు.

ఆ పూట అత్తమ్మ అన్నం తినలేదు. నేను పిలవలేదు కూడా, ఆమె బాధ ఆమెకుండాలి కదా అనుకున్నాను. పొద్దున్న లేచి జొన్నరొట్టె అడిగింది. తింటూ, “ఇచ్చుంటె ఆనికి అక్కరకొస్తుండె” అంది. కాసేపటికి తనే, “ఇయ్యకున్న తప్పు లేదులే” అంది. రెండు మాటలూ ఆమె మనసులోవే. ఏ ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు.

బావ హార్వెస్టర్ కొన్నాడని తెలిసింది. ఎవరో ఇంకొకరిని భాగస్తుడిగా చేర్చుకున్నాడట. మాతో మాట్లాడటం లేదు. దసరా రోజు జమ్మి ఆకు పట్టుకుని నలుగురం వాళ్ల ఊరికి పోయాం. వాకిట్లోనే ఉన్నాడు. మా ఆయన వంగి కాళ్లు మొక్కి చేతిలో జమ్మి పెట్టాడు. ఆకు తీసుకున్నాడు గానీ తమ్ముణ్ని హత్తుకుని అలయ్ బలయ్ తీసుకోలేదు. తోడికోడలు లోపలికి పిలిచి గారెలు పెట్టింది. తిని వచ్చాం.

వచ్చే దసరాకూ పోతాం. ఆయన ఆకు తీసుకున్నా, తీసుకోకపోయినా పోతాం. అన్న అన్నే, బావ బావే. కాగితాలు మాత్రం ఇవ్వం.